ఎమ్మెల్యే గారి స్వర్ణోత్సవాల ఆల్బమ్

ఎమ్మెల్యే టిక్కెట్టు పోగొట్టుకోవడానికి మా జిల్లాలో లక్షలు ఖర్చుపెట్టినవాళ్ళున్నారు. కొబ్బరితోటలు అమ్మినవాళ్ళున్నారు. నేను మాత్రం రెండంగుళాల పేపరు ముక్కతో పోగొట్టాను. అదీ నా టిక్కెట్టు కాదు, మా ఎమ్మెల్యే గారిది. కత్తెర నా చేతిలోనే ఉంది. పదునుగానే ఉంది. ఆ రెండంగుళాలూ కత్తిరించి పారెయ్యడానికి అర నిమిషం పట్టదు. చూశాను, ఆలోచించాను, లాభనష్టాలు బేరీజు వేసుకున్నాను, ఉంచెయ్యడమే మేలని తీర్మానించాను. ఇంత చవగ్గా, ఇంత ముందుచూపుతో టిక్కెట్టు పోగొట్టిన పి.ఏ. గోదావరికి ఈ పక్కా ఆ పక్కా ఇంకొకడు లేడని ఇప్పటికీ కాలరెగరేసి చెప్పగలను.

ముగ్గురు నాయకుల దగ్గర ప్రైవేటు పి.ఏ.గా పనిచేశాను. ఇద్దరి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. వాళ్ళు నన్ను నమ్మలేదు, నేను వాళ్ళకి నష్టం చెయ్యలేదు. పేర్రాజు గారు నమ్మారు. కాబట్టి ఆయన సంగతే చెబుతాను.

బల్లకి ఇటు, బల్లకి అటు

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్ళు కనిపించినప్పుడు, కంప్యూటరు వచ్చండీ, ఇంగ్లీషులో లెటర్లు రాయడం వచ్చండీ అంటారు. మంచిదే. కాని పని అది కాదు. కిరాణా కొట్లో త్రాసు పెట్టే బల్ల ఉంటుంది చూడండి. బల్లకి అటువైపు ఉన్నవాడు ఎక్కువ కావాలంటాడు. ఇటువైపు ఉన్నవాడు తక్కువ ఇస్తాడు. పి.ఏ. అనేవాడు ఆ బల్ల. ఇద్దరూ తనమీదే గుద్దుతారు, ఇద్దరికీ తామే గెలిచామనిపించి పంపాలి.

రాజమండ్రి బజారులో మా నాన్నకి కిరాణా కొట్టుండేది. పెదనాన్నది పక్క కొట్టు, మేనమామది ఎదురు కొట్టు. అక్షరాలకంటే ముందు నాకు బేరం వచ్చింది. నా పెళ్ళిలో పీటల మీద కూర్చునుండగానే మేళంవాళ్ళతో బేరమాడాను. తగ్గించారు. సన్నాయి మాత్రం అప్పగింతల దాకా రాకుండానే సంచిలోకి వెళ్ళిపోయింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ తగ్గింపు ఎంతో అడుగుతుంది.

పేర్రాజు గారు రావులపాలెం దగ్గరవారు. అరటికాయల వ్యాపారం. ఆరడుగుల మనిషి, దానికి తగ్గ గొంతు, దానికి తగ్గ చెయ్యి. అడిగినవాడికి లేదనేవారు కాదు. భయమన్నది ఎరగరు, ఒక్క నీళ్ళంటే తప్ప. చిన్నప్పుడెవరో సిద్ధాంతి ఆయన జాతకంలో జలగండం ఉందని చెప్పాడు. ఆ రోజునుంచి ఆయన చెరువుగట్టు మీద కూడా నడవలేదు. గోదావరి మీద వంతెన దాటేటప్పుడు కారులో కళ్ళు మూసుకుని ఆంజనేయ దండకం అందుకునేవారు. ఆయన నియోజకవర్గానికి మూడుపక్కలా గోదావరి. మధ్యలో లంకలు. లంకంటే ఏటి నడుమ ఊరు. నావ ఎక్కితేనే వెళ్ళాలి.

మొదటి ఎన్నికలప్పుడు లంకల ప్రచారం నాకు అప్పగించారు. "నా బదులు నువ్వెళ్ళు గుప్తా. నువ్విచ్చిన మాట నేనిచ్చినట్టే" అన్నారు. కండువా వేసుకుని వెళ్ళాను. లంకవాళ్ళు నాకే దండ వేశారు, వేయించుకున్నాను. హారతిచ్చారు, కళ్ళకద్దుకున్నాను. అడిగినవాటికల్లా సరేనన్నాను. పేర్రాజు గారికి ఓటెయ్యండి అన్నాను. అంతకుమించి వివరాల్లోకి వెళ్ళలేదు. తూకం వేస్తున్నప్పుడు గిరాకీతో ఎక్కువ మాట్లాడకూడదని మా నాన్న చెప్పేవాడు.

యాభై గెలలు

స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళయిన సంవత్సరం. స్వర్ణోత్సవాలు చెయ్యమని పైనుంచి కబురొచ్చింది. ప్రతి నాయకుడూ ఏదో ఒకటి యాభై పెట్టాడు. ఒకాయన యాభై మంది మాస్టర్లకి శాలువాలు కప్పాడు. ఒకాయన యాభై కొబ్బరికాయలు కొట్టించాడు. పేర్రాజు గారు అరటి మనిషి కదా, స్టేజీ చుట్టూ యాభై కర్పూర అరటిగెలలు వేలాడదీయించారు. చూడముచ్చటగా ఉంది. జనగణమన మొదలవగానే అందరూ నిటారుగా నిలబడ్డారు. జయహే అన్న చోటికొచ్చేసరికి ముందు వరసలో గెలలు లేవు. పాట ముగిసేసరికి స్టేజీకి వెనకవైపు తాళ్ళు మాత్రమే వేలాడుతున్నాయి. ఒక్కరూ కదిలినట్టు కనపడలేదు. అంత క్రమశిక్షణ నేను మళ్ళీ చూడలేదు.

ఏదైతేనేం, మర్నాడు పేపర్ల జిల్లా పేజీల్లో ఆయన ఫోటోలు పడ్డాయి. పేపరబ్బాయి పొద్దున్నే అడిగాడు, పాతిక కాపీలు వేరే తీసి పెట్టమంటారా అని. సాయంత్రానికి పాత పేపరే కదా, అప్పుడు సగం ధరకి తీసుకుంటానన్నాను. సాయంత్రం వెళితే మిగిలిన కాపీలన్నీ వాపసు వెళ్ళిపోయాయి. పోనీలే, ఎవరడుగుతారు అనుకున్నాను.

దీపావళి వెళ్ళాక అడిగారు. పక్క నియోజకవర్గం నాయకుడు తన స్వర్ణోత్సవాల కటింగులన్నీ ఆల్బమ్‌గా కట్టించి హైదరాబాదులో చూపించాడట. పార్టీ పెద్దాయన భుజం తట్టాడట.

"మన కటింగులు దాచావుగా గుప్తా?"

"దాచానండి."

"ఎక్కడ?"

"భద్రంగా ఉన్నాయండి."

అబద్ధం కాదు. రాజమండ్రిలో పాత పేపర్ల కొట్లో భద్రంగానే ఉన్నాయి. ఆ కొట్టాయన నూకరాజు. నాకంటే ఘటికుడు.

"ఏ తారీఖువి కావాలండీ?" అన్నాడు.

"ఆగస్టు పదహారు."

"అంత గుర్తుగా అడుగుతున్నారంటే ఏదో విశేషం ఉంటాది. కేజీకి రెండ్రూపాయలు ఎక్కువవుద్దండి."

"పాత పేపరుకి తారీఖు రేటేంటయ్యా?"

"మీకు తారీఖు అక్కర్లేదంటే చెప్పండి, పాత రేటుకే ఇస్తాను. సెప్టెంబరువి బోలెడున్నాయి."

సగం కట్టలు అప్పటికే పొట్లాలు చేసేవాళ్ళకి వెళ్ళిపోయాయి. ఆ పొట్లాలు నేనెరిగిన కొట్లకే వెళతాయి. బజారంతా తిరిగి, ఖాళీ పొట్లాలు కొన్నాను. కిరాణా కొట్టువాడి కొడుకు పొట్లాలు కొనుక్కోవడం మా వంశంలో అదే మొదలు. అంటించిన చోట్ల తడిపి విప్పాను, ఇస్త్రీ చేశాను. రెండు కాపీలు ఒక బజ్జీల బండి మీదినుంచి వచ్చాయి. ఒకదాంట్లో నూనె మరక సరిగ్గా పేర్రాజు గారి నుదుటిమీద పడింది. ఆయన చూసి, "బొట్టు బాగా పడిందోయ్" అన్నారు.

కత్తెర

ఇక్కడే జాగ్రత్తగా వినండి. ఆల్బమ్ పెద్దదిగా ఉండాలన్నారు ఆయన. పెళ్ళి ఆల్బమంత. బైండరు చేత ఎర్రటి కాలికో గుడ్డ అట్ట వేయించాను, బంగారు రంగు అక్షరాలు కొట్టించాను. తీరా చూస్తే పేజీ తలుపంత ఉంది, వార్త కిటికీ అంత కూడా లేదు. ఫోటో చుట్టూ అంచులు దగ్గరగా కత్తిరిస్తే తపాలా బిళ్ళలా మిగులుతుంది.

మా కొట్లో ఒక సూత్రం ఉండేది. సరుకు తగ్గినా పొట్లం తగ్గకూడదు. అదే పాటించాను. మా వార్త పక్కనున్న వార్తనీ, కిందనున్న ప్రకటననీ కలిపి వెడల్పుగా కత్తిరించాను. పేజీ నిండింది. ఆల్బమ్ లావెక్కింది. ఒక పేజీలో పేర్రాజు గారి ఉపన్యాసం పక్కన మొలల వైద్యుడి ప్రకటన కూడా వచ్చింది. పోనీ అనుకున్నాను.

మరో పేజీలో మా జెండావందనం ఫోటో. దానికి ఆనుకుని రెండంగుళాల చిన్న వార్త. లంకలో బడి వరదనీటిలో ఉండడంతో పిల్లలు నావ మీద జెండా ఎగరేశారని, చిన్న ఫోటోతో సహా. కింద రెండు వాక్యాలు: "రేవుకు మెట్లు కట్టిస్తామని ఎన్నికలప్పుడు హామీ ఇచ్చిన నాయకులు మళ్ళీ కనిపించలేదని గ్రామస్తులు అన్నారు. ఒడ్డు జారుడుగా ఉండి ఇబ్బంది పడుతున్నామని వాపోయారు."

చదివాను. ఆ లంకకి హామీ ఇచ్చింది నేనే. కత్తెర పెట్టాను కూడా. కాని అది తీసేస్తే పేజీ బోడిగా ఉంటుంది. పైగా ఆ నావ ఫోటో ముచ్చటగా ఉంది. నిజం చెప్పాలంటే మా ఫోటోకంటే బాగుంది. పక్కన ఉంటే మాదానికి కళొచ్చింది. అప్పటికి నాకు బాగా తెలిసిన సత్యం ఒకటుంది: నాయకులు కటింగులు చదవరు, చేత్తో ఎత్తి బరువు చూస్తారు. కత్తెర పక్కన పెట్టి మైదా జిగురు అందుకున్నాను.

ఏడాదిపైన ఆ ఆల్బమ్ ఊరూరా తిరిగింది. పెళ్ళిళ్ళలో చూశారు, హైదరాబాదులో చూశారు, అన్నవరం వ్రతానికి వెళితే అక్కడా చూపించారు. అందరూ బరువే చూశారు. "అబ్బో" అన్నారు, తిరిగిచ్చేశారు. ఒక్కడు చదవలేదు. పేర్రాజు గారు కూడా చదవలేదు. తన ఫోటోలు లెక్కపెట్టుకున్నారంతే.

చదివే మనిషి

మళ్ళీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. టిక్కెట్టుకి రైసుమిల్లు యజమాని ఒకాయన పోటీకొచ్చాడు. ఎవరికివ్వాలో తేల్చడానికి పార్టీ ఒక పరిశీలకుణ్ణి పంపింది. రాఘవయ్య గారు, రిటైర్డు హెడ్మాస్టరు. ప్రభుత్వ గెస్ట్‌హౌస్‌లో దిగారు. పూతరేకులు తీసుకెళితే షుగరన్నారు. పేర్రాజు గారు ఆల్బమ్ తీశారు.

రాఘవయ్య గారు దాన్ని ఎత్తి చూడలేదు. బల్లమీద పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, జేబులోంచి పెన్సిల్ తీసి, మొదటి పేజీ మొదటి అక్షరం దగ్గర పెట్టారు. పేపరు దిద్దేవాడి చేతిలో పెన్సిలది.

మొలల ప్రకటన దగ్గర ఆగారు. పెన్సిల్ మెల్లగా కదిలింది. మా జెండావందనం పేజీ వచ్చింది. అక్కడ చాలాసేపు ఆగారు.

"పేర్రాజు గారూ, ఈ నావ మీద జెండా ఎక్కడండీ?"

పేర్రాజు గారు వంగి చూశారు. అప్పటిదాకా ఆయన ఆ ఫోటోని చూడనే లేదు. అయినా మొహం విప్పారింది.

"అదా అండీ. మన ఏర్పాటేనండి. నేల మీద అందరూ ఎగరేస్తారు, నీళ్ళమీద కూడా ఎగరాలని. ఆలోచన మన గుప్తాది."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. బయట చూడదగ్గదేమీ లేదు.

రాఘవయ్య గారు కింది రెండు వాక్యాలూ పైకి చదివారు. క్లాసులో పిల్లాడి చేత చదివించినట్టు, కామాల దగ్గర ఆగుతూ.

"హామీ ఇచ్చింది ఎవరండీ?"

"ఎవరో గిట్టనివాళ్ళు రాయించారండి."

"గిట్టనివాళ్ళు రాయించిందాన్ని మీ ఆల్బమ్‌లో మీరే అంటించుకున్నారా?" ఆయన కోప్పడలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టుంది. "ఆ లంకకి ఎప్పుడైనా వెళ్ళారా?"

"ఎన్నోసార్లండి. వాళ్ళు నన్ను సొంత మనిషిలా చూస్తారు."

"అయితే రేపు పొద్దున్నే వెళ్దాం. వాళ్ళు చెప్పింది విని, దాన్నిబట్టి రిపోర్టు రాస్తాను. మీరన్నట్టే ఉంటే ఇక వేరే చూసేదేముంది?"

వరండాలోకి వచ్చాక పేర్రాజు గారు నా చెయ్యి పట్టుకున్నారు.

"గుప్తా, జలగండం."

"టిక్కెట్టండి."

"నావ బోల్తా పడితే?"

"వెళ్ళకపోతే టిక్కెట్టు బోల్తానండి."

స్తంభానికి ఆనుకున్నారు. "ఎండాకాలం కదా, నీళ్ళు తక్కువే ఉంటాయిలే" అన్నారు, తనకి తనే బేరమాడుకుంటున్నట్టు.

వాళ్ళు ఎవరికి ఓటేశారు

రేవు దగ్గర నావవాడు పోలయ్య నలభై రూపాయలడిగాడు. పాతికకి కుదిర్చాను. టిక్కెట్టు పోతున్నా చెయ్యి ఊరుకోదు.

పేర్రాజు గారు జేబులో నిమ్మకాయ, మెడలో రెండు తాయెత్తులతో వచ్చారు. నావ మధ్యలో కూర్చుని రెండు చేతులతో రెండంచులూ పట్టుకున్నారు.

"కాసింత వదులుగా కూర్చోండి బాబూ" అన్నాడు పోలయ్య. "గోదారి ఊగట్లేదండి, తమరే ఊగుతున్నారు."

సగం ఏరు దాటాక నావ ఇసకదిబ్బ ఎక్కి ఆగిపోయింది. దిగి తొయ్యాలన్నాడు పోలయ్య. మోకాలి లోతు నీళ్ళు. నేను దిగాను. రాఘవయ్య గారు అంత పెద్దవారు, పంచె ఎగ్గట్టి దిగారు. పేర్రాజు గారు దిగలేదు. కళ్ళు మూసుకుని దండకం చదువుతున్నారు. పల్లకీలో దేవుణ్ణి కూర్చోబెట్టి మోసినట్టు ముగ్గురం ఆయన్ని తోసుకుంటూ ఒడ్డుకి చేర్చాం. ఒడ్డున అప్పటికే జనం పోగయ్యారు.

ఒకావిడ ముందుకొచ్చింది. మరియమ్మ. ఆ ఊరి చర్చిలో పెద్ద, ఊళ్ళోనూ ఆవిడ మాటే మాట. కూరగాయలు పండించి, గంప నెత్తిన పెట్టుకుని ఏరు దాటి అమ్ముకొస్తుంది. నావలో కూర్చున్న ఆరడుగుల మనిషిని దాటి నేరుగా నా దగ్గరికొచ్చి దణ్ణం పెట్టింది.

"ఏవండీ ఎమ్మెల్యే గారూ, మెట్లు కట్టిస్తానని వెళ్ళి ఇప్పటికొచ్చేరా?"

రాఘవయ్య గారు నా వైపు చూశారు. నేను గోదావరి వైపు చూశాను.

"నేను కాదమ్మా. వారండీ ఎమ్మెల్యే గారు" అని నావ వైపు చెయ్యి చూపించాను.

ఆవిడ తేరిపార చూసింది. "ఆయనా? పాపం, నావ దిగడానికి భయపడతన్నారు. మీ నాన్నగారేమో అనుకున్నానండి."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. పేర్రాజు గారికి నాకంటే మూడేళ్ళు తక్కువ.

"మీరు ఓటెవరికి వేశారమ్మా?" అన్నారు రాఘవయ్య గారు.

"ఈయనకేనండి." నన్నే చూపించింది. "దండేసేం, మొహం చూసేం, మాటిచ్చేరు, ఓటేసేం. ఊరంతా ఈయనకే ఏసింది."

"అంటే ఈ లంకకి ఎమ్మెల్యే మీరన్నమాట" అన్నారాయన నాతో.

నావలోంచి పేర్రాజు గారి గొంతు వచ్చింది. "ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేంటి గుప్తా?"

"మీరడగలేదండి."

మరియమ్మ ఇంక మమ్మల్ని వదిలేసింది. రాఘవయ్య గారిని వెంటబెట్టుకుని ఒడ్డు చూపించింది. నిలువు ఒండ్రుమట్టి ఒడ్డు. ఎండాకాలం కాబట్టి పగుళ్ళిచ్చింది. వానాకాలం అదంతా సబ్బు. "ఇక్కణ్ణించే అయ్యా, మా కోడల్ని పురిటికి మంచంమీద ఏసుకుని దించేం. నలుగురు పట్టుకున్నారు. కింద ఇద్దరు జారిపోయేరు. మంచం వదల్లేదు. అప్పుడు ప్రార్థన కూడా గుర్తు రాలేదండి నాకు. ఈ ఎమ్మెల్యే గారే గుర్తొచ్చేరు." ఆ మాట నా వైపు చూడకుండా అంది. చూసుంటే కాస్త తేలికగా ఉండేది.

అప్పుడు వెనక నీళ్ళ చప్పుడైంది. పేర్రాజు గారు దిగారు. బూట్లతో, కళ్ళు మూసుకుని, పిడికిట్లో నిమ్మకాయతో నాలుగడుగులేసి నీళ్ళు దాటి వచ్చి ఒడ్డున నిలబడ్డారు. పంచె అంచులనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"కట్టిద్దామమ్మా" అన్నారు.

"ఈ మాట ఆయనా అన్నారండి" అంది మరియమ్మ.

తిరుగు ప్రయాణంలో జీపెక్కాక, రాఘవయ్య గారు రావులపాలెం వచ్చేదాకా కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు. నవ్వుతున్నారని దిగేటప్పుడు తెలిసింది. "గుప్తా గారూ, మీరే నిలబడకూడదూ? ఒక ఊరు ఖాయంగా ఉంది" అన్నారు. పేర్రాజు గారు ముందు సీట్లో ఉన్నారు. ఆయన నవ్వలేదు.

టిక్కెట్టు రైసుమిల్లాయనకి వచ్చింది.

ఇందులోంచి కొత్తవాళ్ళు నేర్చుకోవలసింది చాలామంది వేరేగా నేర్చుకుంటారు. పక్క వార్త కత్తిరించెయ్యాలి, అంతే కదండీ అంటారు. ఇప్పుడు పేపరూ అక్కర్లేదు, ఫోనులో స్క్రీన్‌షాటు తీసి మనకి కావలసినంతే ఉంచుకుంటున్నారు. పక్క వార్త తీసేసినా లంక అక్కడే ఉంటుంది నాయనా. నేను అది అంటించడం తప్పు కాదు. చదివీ, పేజీ నిండుతుందా లేదా అనే చూశాను చూడండి, అదే తప్పు. ఇంకొకటి. మీ నాయకుడి బదులు మీరు మాటివ్వాల్సి వస్తుంది, తప్పదు. ఇచ్చిన మాట సాయంత్రానికి ఆయన చెవిన వెయ్యండి. నేను వెయ్యలేదు. చెబితే ఖర్చని.

పేర్రాజు గారు మిగిలిన కొద్ది నెలల్లో ఆ మెట్ల కోసం తిరిగారు. నేనూ వెంట తిరిగాను. టిక్కెట్టు రాని ఎమ్మెల్యే అంటే ఏంటో అప్పుడు చూశాను. నిన్నటిదాకా లేచి నిలబడ్డ ఇంజనీరు కూర్చునే, "ఫైలు పెట్టాంగదండీ" అన్నాడు. మొన్నటిదాకా టీ తెప్పించిన గుమస్తా, "సారు భోజనానికెళ్ళారు" అన్నాడు, సారు గొంతు లోపల్నుంచి వినబడుతుండగా. ఫైలు కదల్లేదు. తర్వాత చాలా ఏళ్ళకి మెట్లు పడ్డాయట. శిలాఫలకం మీద వేరే పేరుంది. ఉండాల్సిందే.

బిల్లు

ఆఫీసు మూసేసే రోజు, అప్పటిదాకా మిగిలిపోయిన నా లెక్కలు అప్పగించాను. మా ఇద్దరి మధ్యా ఒక పద్ధతి ఉండేది. ఎప్పుడూ పైకి అనుకోలేదు. నేను ఏ బిల్లయినా మూడో వంతు పెంచి రాసేవాణ్ణి. ఆయన ఏ బిల్లయినా చదవకుండా పావు వంతు కోసేవారు. ఇద్దరికీ గెలిచినట్టుండేది, అసలు ధర నిలబడేది.

ఆ రోజు మాత్రం పెంచబుద్ధి కాలేదు. టిక్కెట్టు పోగొట్టినవాడు బిల్లు కూడా పెంచితే బాగుండదనిపించింది. ఆల్బమ్ ఖర్చు ఉన్నదున్నట్టు రాశాను. పాత పేపర్లు, పొట్లాలు: నూట నలభై. బైండింగు, బంగారు అక్షరాలు: రెండువందల అరవై. మైదా, ఇస్త్రీ: ఇరవై. రిక్షాలు: ఇరవై ఎనిమిది. మొత్తం నాలుగువందల నలభై ఎనిమిది. దాని కింద విడిగా, నావ కూలి: పాతిక.

ఆయన కళ్ళజోడు పెట్టుకోకుండానే కలం తీసి, అలవాటుగా నాలుగువందల నలభై ఎనిమిది కొట్టేసి మూడువందల ముప్పై ఆరు వేశారు. ఇది అసలు బిల్లండీ అని నోటిదాకా వచ్చింది. అది చెబితే ఇన్నాళ్ళవీ ఏంటో చెప్పినట్టే కదా. మింగేశాను.

కలం నావ కూలి దగ్గర ఆగింది.

"పోలయ్య ఎంతడిగాడు?"

"నలభై అండి."

"నన్ను నీళ్ళమీద తీసుకెళ్ళి ప్రాణాలతో తీసుకొచ్చినవాడితో బేరమాడావా నువ్వు?"

"అలవాటండి."

పాతిక కొట్టేసి నలభై వేశారు. "మిగతా పదిహేనూ నువ్వే వెళ్ళి ఇచ్చిరా" అన్నారు. వెళ్ళి ఇచ్చాను. పోలయ్య లెక్కపెట్టుకుని జేబులో వేసుకున్నాడు, థాంక్స్ చెప్పలేదు. చెప్పడానికేముంది, అవి అతనివే.

కాబట్టి ఆ ఆల్బమ్ ఆఖరి లెక్క ఇది. నాకు నూట పన్నెండు రూపాయలు పోయాయి. పేర్రాజు గారికి టిక్కెట్టు పోయింది. పోలయ్యకి అడిగిన కూలి ముట్టింది. మరియమ్మకి మా వల్ల ఒక్క మెట్టు కూడా పడలేదు.